నోట్లో మంచుముక్క

జనవరి నెలలో ఆపిల్ తోట పూయించమంటే దేవుడైనా కాస్త గడువు అడుగుతాడు. సినిమాలు తీసే బ్రౌనెల్ మాత్రం పొద్దెక్కేలోగా పూయించేశాడు. పెట్టెల నిండా కాగితం పూలు, ఒక చుట్ట సన్నటి తీగె, తిట్టుకుంటూ నిచ్చెనలెక్కే మనుషులు కొందరు. అంతే సరంజామా. ఫోర్ట్ లీ గుట్ట మీద ఒక ముసలి రైతు తోట అది. ఆకు రాలి మోడులైన చెట్లకి కొమ్మకొమ్మకీ పూలు కట్టించాడు. కింద మంచుని పారలతో ఎత్తించి కంచె అవతల పోయించాడు. ఆ చోట ఎండుగడ్డి పరిపించాడు. తెర మీద బొమ్మలో రంగులుండవు కాబట్టి ఎండుగడ్డీ పచ్చగడ్డీ ఒకటే. ఇంకేం, మే నెల వచ్చేసింది. వెచ్చదనం ఒక్కటే రాలేదు.

కొట్టంలో రైతు గుర్రం పక్కన నిలబడి లియోటా పల్చటి మస్లిన్ గౌను తొడుక్కుంటోంది. చేతులు రెండూ మోచేతుల దాకా బోసిగా ఉన్నాయి. వెనక హుక్కులు పెడుతున్నావిడ మిసెస్ గీగన్. కంపెనీలో బట్టలు, టోపీలు, బొత్తాలు అన్నీ ఆవిడ చేతికిందే. అందరి కడుపులూ అందరి కష్టాలూ కూడా ఆవిడే కనుక్కుంటుంది కాబట్టి మనం గీగనమ్మ అందాం. ఐర్లండు నుంచి ఓడెక్కినప్పుడు తెరిచిన నోరు ఇంకా మూయలేదని కంపెనీలో వేళాకోళం.

"ఇవాళైనా ఏదో ఒకటి తేల్చి చెప్తావా వాడికి?" అంది గీగనమ్మ.

"ఏం చెప్పను?"

"అదేం మాటే తల్లీ! ఉండమంటే ఉండమను, పొమ్మంటే పొమ్మను. వారం నుంచీ కాలుగాలిన పిల్లిలా నీ చుట్టూ తిరుగుతున్నాడు. నిన్న నీ టోపీ కింద పడితే నలుగురిని తోసుకుని పరిగెత్తాడు. నాకే జాలేసింది."

"నాకు వెయ్యలేదు గీగనమ్మా. కోపం కూడా రావడం లేదు. ఏమీ అనిపించడం లేదు."

"మొగుడు కదే. కాస్త కడుపులో పెట్టుకో. గీగన్ నన్ను మూడుసార్లు వదిలి వెళ్ళాడు. మూడుసార్లూ తలుపు తీశాను. నాలుగోసారి వాడే చచ్చాడనుకో, అది వేరే సంగతి."

లియోటా నవ్వాలని చూసింది. పెదాలు కదిలాయి గాని నవ్వు రాలేదు.

లియోటా మొగుడి పేరు వెండెల్. ఈ బొమ్మలో ఆమె పక్కన ప్రేమికుడి వేషం కూడా అతనిదే. సెప్టెంబరులో ఒక సాయంత్రం ఆమె పనినుంచి ఇంటికి వచ్చేసరికి అతని గడ్డం గీసుకునే కప్పు, కుంచె, రెండో జత బూట్లు గదిలో లేవు. రోచెస్టర్ ఊళ్ళో టోపీల దుకాణం నడిపే ఒక వితంతువుతో వెళ్ళిపోయాడని కింది అంతస్తులో ఇల్లుగలావిడ చెప్పింది. చెప్పి, ఈ పిల్ల ఎక్కడ కుప్పకూలుతుందోనని కుర్చీ లాగింది. లియోటా ఆ కుర్చీలోనే కూర్చుని రాత్రి భోజనం చేసింది. పంది మాంసం ముక్క తింది, బంగాళాదుంపలు రెండోసారి వడ్డించుకుంది. మర్నాడు పొద్దున ఎప్పటిలాగే పడవెక్కి హడ్సన్ నది దాటి పనికొచ్చింది.

కంపెనీలో అందరూ రాతిగుండె అనుకున్నారు. ఆమె మాత్రం, ఏడుపు దారిలో ఉంది, ఇవాళో రేపో వస్తుంది అని చుట్టం కోసం చూసినట్టు చూసింది. అది రాలేదు. నవంబరు పండక్కి టర్కీ కోడి ముందు కూర్చున్నప్పుడు ఇక రాదని అర్థమై చూడటం మానేసింది. కొత్త సంవత్సరం వచ్చాక ఒకరోజు వెండెల్ సంచీతో మేడమెట్ల మీద కనపడ్డాడు. భుజాల మీద మంచు, మొహం పీక్కుపోయి ఉంది. ఇప్పుడైనా కోపం వస్తుందేమోనని తలుపు దగ్గరే కాసేపు నిలబడి చూసింది. అదీ రాలేదు. "చలిగా ఉంది, లోపలికి రా" అని కాఫీ ఇచ్చింది. ఆ కాఫీని అతను సగం క్షమాపణ కింద లెక్కేసుకున్నాడు. ఆమె ఇచ్చింది కాఫీయే.

ఆ రోజు నుంచీ అతను ఒక స్నేహితుడి గదిలో తలదాచుకుంటున్నాడు. జవాబు కోసం ఎదురుచూస్తున్నాడు. ఆమె కూడా తన జవాబు కోసం తనే ఎదురుచూస్తోంది. ఇక ఆగడానికి వీల్లేదు. రేపు పొద్దున కంపెనీ మొత్తం రైలెక్కి ఫ్లోరిడాలో జాక్సన్‌విల్ వెళ్తోంది. చలికాలమంతా అక్కడే పని, అక్కడే ఒక అద్దె ఇంట్లో బస. ఇవాళ గుట్ట దిగగానే ఆ ఇంటివాళ్ళకి తంతి కొట్టాలి. "మీ ఇద్దరికీ ఒక గదా, రెండు గదులా? మీ సంసారం నాకు అక్కర్లేదు. గది ముక్క చెప్పండి చాలు" అని బ్రౌనెల్ పొద్దున పడవలోనే అడిగాడు. వెండెల్ ఆమె వైపు చూశాడు. ఆమె నీళ్ళ మీద తేలే మంచుపెళ్ళల వైపు చూసింది.

"సీను అయ్యాక చెప్తాను" అంది.

ఎందుకలా అందంటే, ఆమెకి ఈ సీను మీద ఒక ఆశ ఉంది. ఈ బొమ్మలో ఒక రైతు కూతురు, పని వెతుక్కుంటూ ఊరు మారి వచ్చిన ఒక కుర్రాడు ప్రేమించుకుంటారు, పోట్లాడుకుంటారు, పెళ్ళి చేసుకుంటారు. పావుగంట బొమ్మ. కాని తీసేవాళ్ళు ఏ చోటు ముందు దొరికితే అది ముందు తీస్తారు. అందుకని వీళ్ళిద్దరికీ సోమవారమే కంపెనీ స్టూడియో అద్దాల గదిలో పెళ్ళయిపోయింది. మర్నాడు పోట్లాట అయింది. ఇవాళ మొదటిసారి కలుసుకోవాలి. ఒకళ్ళనొకళ్ళు ఎన్నడూ చూడనట్టు చూసుకోవాలి. నిజంగా అలా ఎదురుగా నిలబడి చూస్తే లోపల ఏదో ఒకటి కదలకపోతుందా అనుకుంది లియోటా. ప్రేమైతే ఒక గది, అసహ్యమైతే రెండు గదులు. ఏదైనా సరే, తెలిస్తే చాలు.

ఆమె దాచుకున్నది ఇంకొకటి ఉంది. ఆరేళ్ళ కిందట ఇద్దరూ ఊరూరా తిరిగే నాటకాల బృందంలో ఉండేవాళ్ళు. స్క్రాంటన్ అనే బొగ్గు గనుల ఊళ్ళో, స్టేషన్ ఫలహారశాలలో ఆమె పళ్ళెంలో గుడ్లు పెట్టుకుని వస్తుంటే, తలుపు తీసుకుని ఒక కొత్త కుర్రాడు లోపలికి వచ్చాడు. ఆమెని చూసి ఆగిపోయాడు. తల కొంచెం పక్కకి వాలింది. టోపీ తియ్యడానికని లేచిన చెయ్యి సగంలో నిలిచిపోయింది, టోపీ అనేది ఒకటుందని మరిచిపోయినట్టు. అంతే. ఆ రాత్రే ఆమె ఇతన్ని చేసుకోవాలని నిశ్చయించుకుంది. రోచెస్టర్ వితంతువుకి అతను ఏమైనా ఇచ్చి ఉండొచ్చు గాని ఆ చూపు ఇచ్చి ఉండడు, అది మనిషికి ఒక్కసారే వస్తుంది అని ఈ నాలుగు నెలలూ అనుకుంటూ వచ్చింది. అలా అనుకోవడం వల్ల సుఖమూ కలగలేదు, దుఃఖమూ కలగలేదు. పెట్టె అడుగున చీర మడతలో నగ ఉన్నట్టు అది అక్కడ ఉందంతే.

"మే నెల! అందరూ మే నెలలో ఉన్నాం, గుర్తుపెట్టుకోండి!" బ్రౌనెల్ రేకు గొట్టంలోంచి అరిచాడు. తను మాత్రం ఎలుగుబంటి తోలు కోటులో ఉన్నాడు. "వెండెల్, నువ్వు కంచె దాటి వస్తావు. అమ్మాయ్, నువ్వు చెట్టుకింద పూలు ఏరుకుంటూ ఉంటావు. ఇటు తిరుగుతావు. చూసుకుంటారు. మాటలు లేవు, ఏడుపులు లేవు, చూడటమే. ఆవిరి మాత్రం రాకూడదు! పోయిన ఏడాది ఇలాగే తీస్తే జూలై నెల ప్రేమికులు రైలింజన్లలా పొగలు కక్కారు. జనం పడీ పడీ నవ్వారట. ఏడవాల్సిన చోట!"

దానికి మందు మంచే. నోరు బయటి గాలంత చల్లగా ఉంటే ఊపిరి కనపడదు. గీగనమ్మ కొట్టం చూరుకి వేలాడుతున్న మంచు కడ్డీలు విరిచి, ముక్కలు చేసి, గిన్నెలో పట్టుకొచ్చింది. ఇద్దరూ చెరొక ముక్క నోట్లో వేసుకున్నారు.

"చప్పరించండి, చప్పరించండి. పెప్పర్‌మెంటు అనుకోండి" అంది గీగనమ్మ.

లియోటా చప్పరించింది. మొదట పళ్ళు జివ్వుమన్నాయి, తర్వాత నాలుక, తర్వాత చిగుళ్ళు. కాసేపటికి నోరు తనది కానట్టు అయిపోయింది. ఇది తనకి కొత్తగా లేదనుకుంది. భుజాల మీది గుర్రపు దుప్పటిని గీగనమ్మ లాగేసుకుంది. చలి మస్లిన్ లోంచి నేరుగా ఒంటికి తగిలింది.

కాస్పర్ కెమెరా పిడి తిప్పడం మొదలుపెట్టాడు. జర్మనీ మనిషి. ఉలకడు, పలకడు, లోలోపల ఏదో లెక్కపెట్టుకుంటూ ఒకే వేగంతో తిప్పుతాడు. లియోటా వంగి కాగితం పూలు రెండు ఏరి గౌను ఒడిలో వేసుకుంది. కంచె కర్ర కిర్రుమంది. ఆమె తిరిగింది.

వెండెల్ గడ్డి మీద ఆగిపోయాడు. తల కొంచెం పక్కకి వాలింది. టోపీ కోసం లేచిన చెయ్యి సగంలో నిలిచిపోయింది.

లియోటా గుండె ఒక్కసారి గట్టిగా కొట్టుకుంది. సెప్టెంబరు తర్వాత అది కొట్టుకోవడం ఆమెకి తెలిసింది అప్పుడే. ఉన్నాడు, స్క్రాంటన్ కుర్రాడు ఇంకా లోపల ఉన్నాడు, చావలేదు అనుకుంది. ఆ సంతోషానికి నోరు తెరుచుకుంది. తెల్లటి ఆవిరి ఆమె మొహం ముందు లేచింది.

కాస్పర్ పిడి ఆపేశాడు. "పొగ" అన్నాడు.

"అమ్మాయ్!" అన్నాడు బ్రౌనెల్. "నేను చెప్పిందేంటి, నువ్వు చేసిందేంటి? మళ్ళీ!"

మళ్ళీ మంచుముక్కలు. మళ్ళీ దుప్పటి తీశారు. వెండెల్ కంచె అవతలికి వెళ్ళి మళ్ళీ దాటి వచ్చాడు. లియోటా ఈసారి తొందరపడి, అతను ఆగకముందే అతని చేతి వైపు చూసింది. చెయ్యి లేచింది. సరిగ్గా అంతే లేచింది. సగంలో నిలిచింది. తల అంతే వాలింది, అదే పక్కకి.

ఆ రెండోసారి గాలికి ఒక కొమ్మ విరిగి కెమెరాకి అడ్డం పడింది. మూడోసారి తీశారు. మూడోసారి కూడా అంతే. గడియారంలో బొమ్మ బయటికొచ్చి తలూపి వెళ్ళినట్టు ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేదు. లియోటా గుండె మొదటిసారి కొట్టుకున్నంత గట్టిగా రెండోసారి కొట్టుకోలేదు. మూడోసారి అసలు కొట్టుకుందో లేదో ఆమెకి తెలియలేదు.

మూడోసారీ కాస్పర్ తల అడ్డంగా ఊపాడు. ఎండ ముందు మబ్బు వచ్చింది. మబ్బు పోయేదాకా ఆగమన్నారు. ఇద్దరూ కొట్టం గోడ వారన నిలబడి కాఫీ తాగారు. తిమ్మిరెక్కిన నోటికి కాఫీ వేడిగా ఉందో చల్లారిందో తెలియలేదు.

"వెండెల్" అంది లియోటా, "ఆ చెయ్యి ఎక్కడ నేర్చుకున్నావు?"

"ఏ చెయ్యి?"

"టోపీ దాకా లేచి ఆగుతుందే, అది."

అతను తన చేతి వైపు చూసుకున్నాడు. నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఆగుతుందా? నేను చూసుకోలేదు. బాలేదా? బ్రౌనెల్ ఏమన్నా అన్నాడా?"

"లేదు. బావుంది."

"మరి?"

"ఏం లేదు. ఊరికే అడిగాను."

అబద్ధమాడటం లేదు. ఆమెకి అతని అబద్ధాలు బాగా తెలుసు. అబద్ధమాడితే ముందు గొంతు సవరించుకుంటాడు. చెయ్యి సంగతి అతనికి తెలియనే తెలియదు. అంటే స్క్రాంటన్‌లో తనకి దక్కింది ఏమిటి? మనసు పంపిన చూపా, చేతికున్న అలవాటా? అతన్ని అడిగి లాభం లేదు, అతని దగ్గరా జవాబు లేదు. రోచెస్టర్‌లో టోపీల దుకాణం తలుపు తీసినప్పుడు కూడా ఆ చెయ్యి లేచి ఉంటుంది. చుట్టూ అన్నీ టోపీలే కదా అని ఆమెకి నవ్వులాంటిది ఒకటి వచ్చి పోయింది. బాధ కలగలేదు. అందుకే ఆమెకి భయమేసింది.

మబ్బు తొలగింది. బ్రౌనెల్ కోటు విదిలించుకుంటూ వచ్చాడు.

"వెండెల్, నువ్వు బంగారం. అలాగే చెయ్యి. అమ్మాయ్, నీతోనే వచ్చింది చిక్కు. పళ్ళ డాక్టర్ని చూసినట్టు చూస్తున్నావు వాణ్ణి. పద్దెనిమిదేళ్ళ పిల్లవి. పొద్దున లేచావు, చెట్లు పూశాయి, ఎదురుగా మగపిల్లాడు. ఇంతకంటే ఏం కావాలి? నాకు ఒక్క చూపు ఇయ్యి, ఇంటికెళ్ళిపోదాం."

"ఎలాంటి చూపు?"

"ప్రేమే తల్లీ, ప్రేమ! ఇంకెలాంటిది?"

లియోటా తలూపింది. మంచుముక్క నోట్లో వేసుకుని చెట్టుకిందికి వెళ్ళింది. ప్రేమ కావాలిట. సరే. ఆమె పదహారేళ్ళ వయసు నుంచీ ఈ వృత్తిలో ఉంది. చేతకాని పని కాదు. మొదట కళ్ళెత్తాలి. వెంటనే దించేయాలి. లెక్కపెట్టినట్టు కాకుండా కాసేపాగి, మళ్ళీ నెమ్మదిగా ఎత్తాలి. నవ్వు కళ్ళతోపాటు రాకూడదు, కళ్ళ తర్వాత ఆలస్యంగా రావాలి. గడ్డం కొంచెం వణకాలి. అది ఈ చలిలో దానంతటదే వణుకుతుంది.

కాస్పర్ పిడి తిరిగింది. కంచె కిర్రుమంది. ఆమె తిరిగి, ఆ పని చేసింది. కళ్ళు దించినప్పుడు లోపలికి ఒకసారి చూసుకుంది, ఏమన్నా ఉందేమోనని. సామాను తీసేసిన గదిలా ఉంది. కళ్ళెత్తింది. నవ్వు వేళకి వచ్చి పెదాల మీద కూర్చుంది.

పిడి ఆగింది. కాస్పర్ టోపీ తీసి, తల గోక్కుని, "ఇది బావుంది" అన్నాడు. అతను అంతమాట అనడం కంపెనీలో ఎవరూ ఎప్పుడూ వినలేదు. గీగనమ్మ దుప్పటి అంచుతో కళ్ళు తుడుచుకుంటోంది. బ్రౌనెల్ రేకు గొట్టం గడ్డిలో పారేసి చేతులు చాచాడు. "చూశారా! ఇదీ! పొద్దున్నుంచీ నేను అడిగింది ఇదీ!" కెమెరా సర్దమని చెప్పి మనుషుల మీదికి అరుస్తూ వెళ్ళాడు.

వెండెల్ మాత్రం నిలబడ్డ చోటినుంచి కదల్లేదు. తర్వాత నెమ్మదిగా ఆమె దగ్గరికి వచ్చాడు. మొహానికి రాసిన తెల్లరంగు మీద కన్నీళ్ళు చారలు కడుతున్నాయి.

"లియో" అన్నాడు. "క్షమించేశావు."

ఆమె నోట్లో ఇంకా మంచు ఉంది. వంగి గడ్డిలోకి ఉమ్మేసింది. "అది సీను, వెండెల్."

"ఇంకా ఎందుకే బెట్టు? ఎదురుగా నిలబడ్డది నేను. వాళ్ళు కెమెరా వెనకనుంచి చూశారు, నేను నీ కళ్ళలోకి చూశాను. నాకు తెలీదా?"

"నటించాను."

"అలా నటించడం ఎవరి తరమూ కాదు. బ్రాడ్‌వే నాటకశాలలు మొత్తం వెతికినా ఒక్కత్తి దొరకదు. నేనూ ఈ పని చేసేవాణ్ణే లియో, నన్ను మోసం చెయ్యలేవు." అతను నవ్వుతున్నాడు, ఏడుస్తున్నాడు. "ఈ నాలుగు నెలలూ నేను ఎంత ఏడ్చానో నీకు తెలీదు. ఆవిడ దగ్గర ఉన్నన్నాళ్ళూ..."

"వద్దు" అంది లియోటా. "ఆవిడ సంగతి వద్దు. ఇటు చూడు."

సీను అవగానే గీగనమ్మ తెచ్చి కప్పిన గుర్రపు దుప్పటి ఆమె భుజాల మీదే ఉంది. దాన్ని తియ్యలేదు. కెమెరా మూడుకాళ్ళ కర్ర మీదినుంచి దిగిపోయింది. ఆమె కళ్ళెత్తింది. వెంటనే దించేసింది. కాసేపాగి మళ్ళీ నెమ్మదిగా ఎత్తింది. కళ్ళ తర్వాత నవ్వు వచ్చింది.

వెండెల్ మొహం వెలిగిపోయింది. "చూశావా! అదిగో..." అన్నాడు.

ఆమె ఆ మొహాన్ని తీసేసింది. దీపం వత్తి తగ్గించినంత తేలిగ్గా తీసేసింది. ఒక్క క్షణం ఏమీ లేని మొహంతో అతన్ని చూసి, మళ్ళీ కళ్ళెత్తింది. దించింది. ఎత్తింది. నవ్వింది. అదే నవ్వు, అంతే ఆలస్యంగా.

మూడోసారి కళ్ళు దించి ఎత్తబోతుంటే వెండెల్ ఆమె మొహానికి తన అరచెయ్యి అడ్డం పెట్టాడు, తగలకుండా.

"చాల్లే. ఆపు. ఆపవే తల్లీ."

ఆమె ఆపింది. అతని అరచెయ్యి ఇంకా అడ్డంగానే ఉంది. ఈ చెయ్యి ఆమెకి తెలియదు. ఇలా ఎప్పుడూ చూడలేదు.

"అయితే లోపల ఏమీ లేదా?" అన్నాడు చివరికి. "కొంచెం కూడా?"

"వెతికాను, వెండెల్. నిజంగా వెతికాను. నీకోసం కాదు, నాకోసమే. కనీసం నిన్ను తిట్టడానికైనా ఏమన్నా దొరుకుతుందేమోనని చూశాను."

"నేను మారాను. ప్రమాణం చేసి చెప్తాను. కాలం గడిస్తే నీకే..."

"నువ్వు మంచిగానే ఉంటావు. నాకు తెలుసు. నేనే, రోజూ పొద్దున లేచి నీకు ఇది చేసి చూపిస్తాను. నువ్వు నమ్ముతావు. ఇవాళ నమ్మినట్టే. నేను బాగా చేస్తాను కదా, నీకు ఎప్పటికీ తెలీదు." ఆమె ఇంత పొడుగు మాట్లాడి చాలా రోజులైంది. పెదాలు సరిగ్గా కలవక కొన్ని మాటలు ముద్దగా వచ్చాయి. "అలా బతకడానికి నాకు భయంగా ఉంది."

పైన కొమ్మకి కాగితం పూలు గాలికి గరగరలాడుతున్నాయి. నిచ్చెన మీది మనిషి అప్పుడే వాటిని పీకడం మొదలుపెట్టాడు. వాటిని జాక్సన్‌విల్ తీసుకెళ్ళాలిట.

బ్రౌనెల్ వాచీ చూసుకుంటూ వచ్చాడు. మనిషి మంచి ఊపులో ఉన్నాడు. వెనకే గీగనమ్మ, మూటలతో ఇంకో ఇద్దరు. "పదండి పదండి, ట్రాము పోతుంది. కింద తంతి ఆఫీసు మూసేస్తారు. మీ సంగతి ఇక అడగక్కర్లేదులే, ఆ సీను చూశాక గుడ్డివాడికైనా తెలుస్తుంది. ఒక గది. పెద్దదే చెప్తాను, నా కానుక అనుకోండి."

గీగనమ్మ లియోటా చెయ్యి పట్టుకుని నొక్కింది. మూటలు మోసేవాళ్ళు కూడా నవ్వుతున్నారు. అందరూ ఇంత సంతోషంగా ఉంటే, వాళ్ళ సంతోషానికి అడ్డం పడటం పెళ్ళింట్లో తుమ్మినట్టే. ఊరుకుంటే అయిపోతుంది. ఊరుకోవడమే ఆమెకి అన్నిటికంటే తేలిక. ఈ నాలుగు నెలలూ చేసింది అదే.

"రెండు" అంది.

మాట సరిగ్గా బయటికి రాలేదు. బ్రౌనెల్ చెవి దగ్గరికి చెయ్యి పెట్టుకుని, "ఏంటమ్మాయ్?" అన్నాడు.

ఒకసారి చెప్పడానికే ఆమెకి బలమంతా అయిపోయింది. వెండెల్ నేలమీది గడ్డి వైపు చూస్తున్నాడు. అతను వద్దనడం లేదు, బతిమాలడం లేదు. ఆమె పెదాలు చేత్తో రుద్దుకుని, ఒక్కో మాటా విడదీసి, తోటలో అందరికీ వినపడేలా చెప్పింది.

"రెండు గదులు, బ్రౌనెల్ గారూ. నాది వేరే."

గీగనమ్మ చెయ్యి వదిలేసింది. బ్రౌనెల్ ఒకసారి ఆమెని, ఒకసారి అతన్ని చూసి, "సరే, మంచిది" అని ఏం చెయ్యాలో తెలియక వాచీ మళ్ళీ చూసుకున్నాడు. కాసేపటికి వెండెల్ తలెత్తాడు. ఆమె వైపు చూడలేదు. బ్రౌనెల్‌తో, మామూలు గొంతుతో, ఊరికే గుర్తొచ్చినట్టు అన్నాడు.

"ఆవిడకి తూర్పు వైపు గది చెప్పండి. పొద్దున ఎండ మొహం మీద పడితేగాని నిద్ర లేవలేదు."

ఎవరికోసమూ అన్న మాట కాదు అది. చెయ్యి లేవలేదు, తల వాలలేదు, అతను అప్పటికే వంగి తన మూట ఎత్తుకుంటున్నాడు. ఆరేళ్ళలో ప్రతి పొద్దునా అతను లేచి కిటికీ తెర పక్కకి లాగేవాడని, అది తనకోసమని లియోటాకి అప్పుడు తెలిసింది. లోపల ఎక్కడో పుండు తెగినట్టు నొప్పి పుట్టింది. నాలుగు నెలలుగా రాని ఏడుపు అందరి ముందూ, మొహానికి రంగుతో, గుర్రపు దుప్పటిలో నిలబడి ఉండగా వచ్చింది. నోరు మూసుకున్నా ఆగలేదు.

"అయ్యో తల్లీ! వెళ్ళి తంతి ఆపించమంటావా?" అంది గీగనమ్మ ఆమెని పట్టుకుని, ఆత్రంగా.

లియోటా ఏడుస్తూనే, వద్దని తల అడ్డంగా ఊపింది.